తడిస్తే బిగిసే ముడి

మొన్న భీమవరంలో ఒక మనిషి వీపున సిలిండరు తగిలించుకుని మోపెడ్‌కి పెట్టెలు కట్టుకుంటున్నాడు. వెనకనుంచి చూస్తే అచ్చం నీళ్ళలోకి దిగబోయే డైవరులా ఉన్నాడు. నేను రోడ్డుకి ఇవతల టీ తాగుతున్నాను. నాది రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం, నెలకి రెండుసార్లు ఆ ఊరు వెళ్ళక తప్పదు.

చేపపిల్లల్ని నీళ్ళ సంచుల్లో పోసి, ఆక్సిజన్ పట్టి, మూతి కట్టి చెరువులకి తీసుకెళ్ళడం మా వైపు రోజూ చూసేదే. బండి వెనకంతా సంచుల పెట్టెలే ఉంటాయి కాబట్టి, దారిలో మళ్ళీ గాలి పట్టడానికి చిన్న సిలిండరొకటి మనిషే వీపున మోసుకుపోతాడు. అందులో వింతేమీ లేదు. నా కళ్ళు అతుక్కుపోయింది ఆ సిలిండరుని పట్టి ఉంచిన పట్టీల మీద. మూడు వేళ్ళ వెడల్పు నల్ల పట్టీ ఒకటే ముక్క, రెండు భుజాల మీదుగా వచ్చి నడుముకి తిరిగింది. కాళ్ళ మధ్య నుంచి ఇంకో పట్టీ వచ్చి దానితో కలిసింది. కుట్టు పడ్డ ప్రతిచోటా ఎర్రదారం. ఒక చదరం, చదరం మధ్యలో ఇంటూ గుర్తు.

ప్రపంచంలో పట్టీలు కుట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. నల్లపట్టీ మీద ఎర్రదారంతో అలా కుట్టేవాడు నాకు తెలిసి ఒక్కడే. గ్లాసు బల్లమీద పెట్టేసి రోడ్డు దాటాను.

షెడ్డు యజమాని ఐసు పెట్టెలు లెక్క చూసుకుంటున్నాడు. ఈ పట్టీలు ఎవరు కుట్టారండీ అని అడిగాను.

"ఓ పెద్దాయనండి. చర్చి వెనకాల ఉండేవోరు. నేవీలో చేసేరంట. మా కుర్రోళ్ళందరికీ ఆయనే కుట్టేవోరండి. ఏం, మీక్కూడా కావాలా? ఇంక దొరకవండి. ఆయన పోయి ఆర్నెల్లవుద్ది."

ఆర్నెల్లు. ఆ చర్చి నేను దిగే బస్టాండుకి నడిచి ఐదు నిమిషాలు. ఆయన అక్కడ ఉన్నాడని నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేశానా అంటే, పదేళ్ళుగా తెలుసుకోకుండా ఉండే ప్రయత్నమే చేశాను. పోయినవాళ్ళ గురించి రాసేవాళ్ళు కాస్త దుఃఖపడి, కాస్త పొగిడి తేలికపడతారు. నాకు ఆ సదుపాయం లేదు.

మేమందరం ఆయన్ని మాస్టారు అనేవాళ్ళం. బళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారు కాడు. విశాఖపట్నంలో నేవీ డైవరుగా చేసి, రిటైరై, రాజమండ్రిలో ఇల్లు అద్దెకి తీసుకుని, గోదావరిలో ఎక్కడ ఏ పని ఉన్నా దిగేవాడు. వంతెన స్తంభాల కింద ఇసుక కోసుకుపోయిందా, మునిగిన లాంచీ ఇంజను ఎక్కడుంది, కాలవ లాకు తలుపుకి ఏం అడ్డం పడింది. అన్నీ వేళ్ళతో తడిమి చెప్పాల్సిన పనులే. గోదావరి నీళ్ళలో అడుగు లోతు దాటితే మన చెయ్యి మనకే కనపడదు. "కళ్ళు ఒడ్డునే ఒదిలేసి రండి" అనేవాడు కొత్తగా చేరినవాళ్ళతో.

పొట్టి మనిషి. బట్టతల. నీటి ఒత్తిడికి ఎప్పుడో ఎడమచెవి పోయింది. ఆ చెవిని ఆయన వాడుకున్నట్టు బాగున్న చెవిని కూడా ఎవరూ వాడుకోరు. కంట్రాక్టరు తరఫు ఇన్‌ఛార్జి తొందరపెట్టడం మొదలెట్టగానే మెల్లిగా తల తిప్పి ఎడమచెవి అప్పగించేవాడు. అవతలివాడు అరిచి అరిచి అలిసిపోయాక, "ఏంటండీ, ఏదో అంటున్నారు?" అని మర్యాదగా అడిగేవాడు. ఎవరి మాటైనా నిజంగా వినాలనుకుంటే కుడిచెవి వాళ్ళ వైపు తిప్పేవాడు. ఆయన ఏ చెవి తిప్పాడో చూస్తే మన విలువెంతో మనకి తెలిసిపోయేది.

ఆయనకో అలవాటు ఉండేది. ఎక్కడికి బయల్దేరినా, అది నీళ్ళలోకైనా, బస్సెక్కడానికైనా, పెళ్ళిభోజనానికి లేవడానికైనా, కుడిచెయ్యి తనంతట తనే లేచేది. ఎడమ భుజం, కుడి భుజం, గుండె, నడుము. ఒక్కోచోట ఒక్క తట్టు. కత్తి, పట్టీలు, గాలి గొట్టం, బకిల్ అన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయా అని నీళ్ళలో చేసే తనిఖీ అది. ఇరవైయేళ్ళు చేశాక ఒంటికి పట్టేసింది. లూథరన్ చర్చిలో ఆరాధన అయి లేచేటప్పుడు కూడా అలాగే చేస్తుంటే పాస్టరుగారు చాటుగా పిలిచి, "ఏంటండీ, మీరు ఆర్‌సీఎం కేథలిక్కుల్లో ఎప్పుడు కలిసేరు?" అని అడిగారట. "సిలువ కాదయ్యగారూ, బెల్టుందో లేదో చూసుకుంటున్నానండి" అన్నాడట ఈయన. ఈ సంగతి ఆయనే మాకు చెప్పి, నవ్వకుండా కూచునేవాడు.

నేను ఆయన తాడు మనిషిని. డైవరు నడుముకి కట్టిన తాడు రెండో కొస పడవలో నా చేతుల్లో ఉండేది. ఒక గుంజు అంటే బాగున్నాను. రెండంటే తాడు ఒదులు. మూడంటే లాగు. మాది నరసాపురం దగ్గర వలలు అల్లే ఇల్లు. బీయే ప్యాసై, ఉద్యోగం దొరక్క, పెళ్ళయి, ముప్పై దగ్గర పడ్డాక ఆ పనిలో చేరాను. చేతికి తాడు తెలుసనే నన్ను తీసుకున్నారు. ఆ సంగతి గుర్తుంచుకోండి, దానితో పనుంది.

నీళ్ళలోకి దిగే ముందు ఒంటికి ఏది ఎక్కడ కట్టుకోవాలన్న విషయంలో మాస్టారంత చాదస్తుడిని నేను చూడలేదు. వీపు రేకుకి సిలిండరు, రేకులోంచి ఒకే ముక్క పట్టీ. రెండు ముక్కలు కలిపి కుడితే ఒప్పుకోడు. భుజం దగ్గర రెండు వేళ్ళు దూరాలి. మూడు దూరితే ఒదులు, ఒకటే దూరితే బిగువు. కత్తి ఎడమ భుజం పట్టీ మీద, ఏ చేతికైనా అందేలా. నడుము పట్టీ బకిల్ ఎడమవైపుకి తెరుచుకోవాలి. మునగడానికి బరువుగా కట్టుకునే సీసం దిమ్మల బెల్టు బకిల్ మాత్రం కుడివైపుకి. చీకట్లో వేళ్ళకి ఏది ఏదో తెలియాలి కదా. కాళ్ళ మధ్య పట్టీ ముందు కట్టాలి, సీసం బెల్టు దాని పైన రావాలి, అన్నిటికన్నా పైన. దాని మీద ఇంకేదీ అడ్డం ఉండకూడదు.

"బెల్టు ఆఖర్న కట్టేది. ముందు ఊడేది" అని రోజూ చెప్పేవాడు. రోజూ అంటే రోజూనే. విని విని మేము ఆయన వెనకాల పెదాలు ఆడించేవాళ్ళం.

ఎర్రదారం ఎందుకు మాస్టారూ, బురదనీళ్ళలో ఎరుపు కనపడి చస్తుందా అని ఒకసారి వెటకారం చేశాను.

"నీళ్ళలోకి కాదయ్యా. ఒడ్డు మీద నీకు కనపడ్డానికి. దారం తెల్లబడిందంటే పట్టీ అయిపోయిందని. పట్టుకునేవోడివి నువ్వు కదా, నువ్వు చూడాలి."

దిమ్మల లెక్క ఆయన ఎప్పుడూ నోటితో చెప్పలేదు. "నీళ్ళనడగాలి" అనేవాడు. ఏ పనికి వెళ్ళినా, నిన్న దిగిన చోటే ఇవాళ దిగినా, పొద్దున్నే పడవ పక్కన నీళ్ళలోకి జారి, గాలి దాదాపు అయిపోయిన సిలిండరుతో, మామూలుగా ఊపిరి పీల్చి కదలకుండా నిలబడేవాడు. నీటి అంచు కళ్ళ దగ్గర ఆగాలి. ఊపిరి వదిలితే మెల్లిగా మునగాలి. అలా కాకపోతే ఒక దిమ్మ తీయించడమో, ఒకటి వేయించడమో చేసేవాడు. నిండు సిలిండరుతో ఎందుకు చూడకూడదంటే, గాలి వాడుతున్నకొద్దీ ఆ అల్యూమినియం సిలిండరు తేలికై పైకి లాగుతుంది. దిగేటప్పుడు సరిపోయిన బరువు ఎక్కేటప్పుడు సరిపోదు. అలాగని ఎక్కువ కడితే పైకి రావడమే కష్టం. ఇదంతా ఇప్పుడు ఇంత తీరుగా చెబుతున్నాను కానీ, ఆ రోజుల్లో పడవలో కూచుని గడియారం చూసుకునేవాణ్ణి.

మా మూడోవాడు సత్తిబాబు. తుని నుంచి వచ్చాడు. సముద్రంలో ఈది పెరిగినవాడు, మాస్టారి దగ్గర పని నేర్చుకుని రెండో డైవరయ్యాడు. నోట్లో కిళ్ళీ ఉమ్మేసి గాలి గొట్టం పెట్టుకునేవాడు. ఆ గొట్టం ఎన్నిసార్లు కడిగినా వక్కపొడి వాసనే. మాస్టారు పొరపాటున దాన్ని నోట్లో పెట్టుకుంటే, "నేను రిటైరయ్యేలోపు నాక్కూడా కిళ్ళీ అలవాటు చేసేలా ఉన్నాడండీ వీడు" అని విసుక్కునేవాడు.

ఒకసారి అంతర్వేది వైపు, గోదావరి సముద్రంలో కలిసే చోట పని పడింది. పొద్దున దిగినప్పుడు బెల్టు సరిగ్గా ఉంది. మధ్యాహ్నం మళ్ళీ నీళ్ళనడగమంటే సత్తిబాబు వినలేదు. పొద్దున్నేగా చూసేం అని దూకాడు. ఈలోగా పోటు వచ్చి ఉప్పునీరు ఎక్కేసింది. ఎంత తన్నుకున్నా మునగడు, ఎండు కొబ్బరికాయలా తేలుతూనే ఉన్నాడు. మాస్టారు పడవ అంచున కూచుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "పొద్దున్న గోదారి, ఇప్పుడు సముద్రం. నువ్వొక్కడివే మారలేదు సత్తిబాబూ!" అన్నాడు. ఆయన అంతలా నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

ఆ ఏడు వరదలు తీశాక గౌతమి పాయ మీద ఒక పాత వంతెన పని వచ్చింది. స్తంభాల అడుగున ఇసుక ఎంత కోసుకుపోయిందో తడిమి చూసి చెప్పాలి. ప్రవాహం ఇంకా తగ్గలేదు. ఇసుక రాపిడికి బెల్టు బకిళ్ళు అరిగిపోయి ఉన్నాయి. వారంలో రెండు బెల్టులు, ఒకటి మాస్టారిది, ఒకటి సత్తిబాబుది, నీళ్ళలో ఊడి పడిపోయాయి. పడిపోయిన ప్రతిసారీ డైవరు తటాలున పైకి తేలడం, సీసం దిమ్మలు విశాఖపట్నం నుంచి వచ్చేదాకా పని ఆగిపోవడం. కొత్త బకిళ్ళు కూడా తెప్పించండి, అప్పటిదాకా దిగం అన్నాడు మాస్టారు. ఇన్‌ఛార్జి దిమ్మలైతే తెప్పించాడు, బకిళ్ళు తెప్పించలేదు. కొత్త బెల్టులకీ మా దగ్గర మిగిలిన అరిగిన బకిళ్ళే గతి.

ఆ సాయంత్రం అతను నా దగ్గరికొచ్చి, "మీరు వలలల్లే ఇంటోరు కదండీ. ఆ బకిల్ ఊడకుండా ఓ ముడి వెయ్యలేరా?" అన్నాడు.

వెయ్యలేరా అంటే నాకు పౌరుషం వచ్చింది. వల అంచుకి సీసం గుండ్లు కట్టే ముడి మా ఇంట్లో ఆడామగా అందరికీ వచ్చు. నైలాన్ తాడుతో వేస్తాం. పొడిగా ఉన్నప్పుడు చూడటానికి ఏమీ ఉండదు. తడిస్తే బిగుస్తుంది. ఎంత లాగితే అంత బిగుస్తుంది. మా నాన్న కట్టిన గుండు వల చిరిగినా ఊడేది కాదని పల్లెంతా చెప్పుకునేవాళ్ళు. నేను రెండు బెల్టుల బకిళ్ళ మీద ఆ ముడి వేసి, తాడు కొస పళ్ళతో కొరికి, ఇన్‌ఛార్జికి చూపించాను. భేష్ అన్నాడు. ఆ భేష్ నాకు బాగా రుచించింది.

మర్నాడు పొద్దున మాస్టారు బెల్టు చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. ముడిని బొటనవేలితో ఒకసారి తడిమాడు. భుజం మీంచి కత్తి తీసి తనది కోశాడు, సత్తిబాబుది కోశాడు. ఆ తాడుముక్కలు పట్టుకుని నా ముందుకొచ్చాడు.

"కట్టినోడు పైనుంటాడయ్యా. ఇప్పాల్సినోడు కిందుంటాడు" అన్నాడు. అరవలేదు. "ఊడిపోతే ఏవవుద్ది? పైకొస్తాను. ఊడకపోతే?"

ఇన్‌ఛార్జి వచ్చాడు. మాటా మాటా పెరిగింది. బకిళ్ళు మార్చందే నేనూ దిగను, సత్తిబాబునీ దిగనివ్వను అన్నాడు మాస్టారు. అయితే ఇంటికెళ్ళండి, సత్తిబాబు దిగుతాడు అన్నాడు ఇన్‌ఛార్జి. మాస్టారు ఎడమచెవి తిప్పలేదు. అంతా విన్నాడు. సత్తిబాబు వైపు చూశాడు. సత్తిబాబు నేల చూశాడు. అప్పుడు నా వైపు చూశాడు. నేను కూడా నేలే చూశాను. నేల మీద అంత చూడాల్సిందేమీ లేదు, ఇసుక తప్ప. ఎడమ భుజం, కుడి భుజం, గుండె, నడుము తట్టుకుని, ఆయన రోడ్డెక్కి బస్సు కోసం నిలబడ్డాడు.

ఆయన వెళ్ళాక ఇన్‌ఛార్జి నాకు కొత్త తాడు తెచ్చిచ్చాడు. ఇక్కడ నేను బలవంతం మీద చేశానని రాసుకోవచ్చు, ఎవరూ కాదనరు. అది నిజం కాదు. మాస్టారు అందరి ముందూ నా ముడి కోసి పారేశాడన్న ఉక్రోషం నాలో ఉంది. మా నాన్న ముడి అది. సత్తిబాబు నడుం మీద మళ్ళీ వేశాను, ముందుకన్నా బిగువుగా. ప్రవాహానికి కొట్టుకుపోకుండా ఉంటాడని ఇన్‌ఛార్జి రెండు దిమ్మలు అదనంగా వేయించాడు. ఎవరూ నీళ్ళనడగలేదు.

"బాగా కట్టేవా?" అన్నాడు సత్తిబాబు, కిళ్ళీ ఉమ్మేసి.

"ఊడితే నన్నడుగు" అన్నాను.

మూడో స్తంభం దగ్గర దిగాడు. పావుగంట దాకా ఒక్కో గుంజూ వస్తూనే ఉంది, బాగున్నాను, బాగున్నాను అని. తర్వాత మూడు వచ్చాయి. లాగాను. తాడు కదల్లేదు. పడవవాళ్ళూ నేనూ కలిసి లాగాం. నది అడుగుకి కట్టేసినట్టుంది. వరదకి కొట్టుకొచ్చిన పాత వల ఏదో స్తంభం రాళ్ళకి చుట్టుకుని ఉందని, సిలిండరూ తాడూ అందులో చిక్కాయని తర్వాత తెలిసింది. ఉన్నట్టుండి తాడు ఒదులై మా చేతుల్లోకి వచ్చేసింది. కొస నున్నగా తెగి ఉంది. సంతోషంతో అరిచాను. సత్తిబాబు కత్తి వాడాడన్న మాట. ఇంక పట్టీలు విప్పుకుంటాడు, బెల్టు వదిలేస్తాడు, పైకొచ్చేస్తాడు. ఎక్కడైనా చిక్కుకుంటే మాస్టారు నేర్పిన వరస అదే. నీళ్ళమీద ఒకచోట బుడగలు వస్తూనే ఉన్నాయి. గాలుందిగా, ఫర్వాలేదు అన్నాడు ఇన్‌ఛార్జి. మేం ఆ బుడగలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాం. బుడగలు కూడా ఆగిపోయాయి.

దిగడానికి ఇంకో డైవరు లేడు. జీపు పంపి మాస్టారిని రాజమండ్రి నుంచి తీసుకొచ్చేసరికి ఎండ వాలిపోయింది. ఆయన విశాఖపట్నం నాటి తన పాత బెల్టు ఇంటినుంచి తెచ్చుకున్నాడు. నీళ్ళలోకి జారి, కళ్ళ దగ్గర నీటి అంచు పెట్టుకుని, కదలకుండా నిలబడ్డాడు.

"ఇప్పుడు కూడానా?" అని ఇన్‌ఛార్జి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇప్పుడు తొందరేముందండీ" అన్నాడు మాస్టారు. ఒక దిమ్మ తీసి పడవలో పెట్టమన్నాడు. తాడు కొస నా చేతికే ఇచ్చాడు. పడవలో ఇంకా నలుగురున్నారు. నాకే ఇచ్చాడు.

సత్తిబాబుని ఆయనే తెచ్చాడు. పట్టీలు వలలో వేలాడుతున్నాయట, విప్పినవి విప్పినట్టు, చక్కగా. ఎడమ బకిల్ తెరిచాడు, భుజాలు తప్పించుకున్నాడు, నేర్పినట్టే అన్నీ చేశాడు. కత్తి మాత్రం చేజారినట్టుంది. బెల్టు దగ్గర ఆగిపోయాడు. ఒడ్డున పడుకోబెట్టాక చూశాను. కుడిచేతి మూడు వేళ్ళ గోళ్ళు లేవు. వాళ్ళావిడ తుని నుంచి వచ్చి, ఏడవడం కూడా మర్చిపోయి, కనపడ్డ ప్రతివాళ్ళతోనూ ఒకటే మాట అంటూ తిరిగింది. "ఆయనకి ఈతొచ్చండి. మీకు తెలీదేమో, ఆయనకి బాగా ఈతొచ్చండి."

బెల్టుని మాస్టారు ముడి దగ్గర కొయ్యలేదు. వెనకవైపు కోసి తీశాడు. ముడి, బకిల్, కాస్త పట్టీ, అంతవరకూ కోసి జేబులో వేసుకున్నాడు. ఎవరి చేతి ముడో ఆయనకి చెప్పనక్కర్లేదు. ఆ పొద్దున్నే బొటనవేలితో తడిమాడు కదా.

వారం తర్వాత ఎంక్వైరీ జరిగింది. ఒక గదిలో బల్ల, బల్లకి అవతల ఆఫీసరు, ఇవతల మేం ముగ్గురం. డైవింగు సామాను ఎవరిదని ఆఫీసరు అడిగాడు. అంతా ఆయన తయారుచేసిందేనండీ, పట్టీలూ బెల్టులూ ఆయనే కుడతారు, మమ్మల్ని ముట్టుకోనివ్వరు అన్నాడు ఇన్‌ఛార్జి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, అంత తెలివిగా చెప్పాడు.

"అవునాండీ?" అని ఆఫీసరు మాస్టారిని అడిగాడు.

"ఆయ్. పట్టీలు నావేనండి. బెల్టు నాదేనండి."

"మరి బెల్టు ఊడకుండా ముడేసుందంట. అదెవరు వేశారు?"

మాస్టారు కుర్చీలో మెల్లిగా కదిలాడు. తల తిప్పి, వినపడే చెవి, ఆ కుడిచెవి, నా వైపు పెట్టాడు.

అలా ఎంతసేపు ఉన్నాడో నాకు తెలుసు. ఫ్యాను చప్పుడు తెలుసు. నా కాళ్ళు చెప్పుల్లో చెమట పట్టడం తెలుసు. ఆయన ఒక్క మాట అంటే నా పని అయిపోయేది, జేబులో ఆధారం కూడా ఉంది. నా అంతట నేను చెబుతానని ఆయన ఎదురుచూశాడు. మనిషికి అవకాశం ఇవ్వడమనుకున్నాడో, అదీ ఒక తనిఖీయే అనుకున్నాడో. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. సరే రాసుకోండి అన్నాడు ఆఫీసరు గుమాస్తాతో. సామాను బాధ్యత ఫలానా వారిది. కింద సాక్షిగా నేను సంతకం పెట్టాను. నా దస్తూరి అందంగా ఉంటుంది.

బయట మెట్ల మీద మాస్టారు ఆగి, జేబులోంచి ఆ ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. ఎండిపోయి కూడా ముడి బిగువుగానే ఉంది.

"నీదే కదా. నీ దగ్గరుండనీ" అన్నాడు.

అవే ఆఖరి మాటలు. ఆయన తట్టుకోవడం చూశాను, ఎడమ భుజం, కుడి భుజం, గుండె, నడుము. వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గోదావరి మీద ఏ కంట్రాక్టరూ ఆయన్ని పనికి పిలవలేదు. ఆయన పేరు చెబితే, ఆ సామాను కట్టిన మనిషా, వద్దు బాబూ అనేవాళ్ళట. నేను ఆ ముక్కని ఇంటిదాకా కూడా తీసుకెళ్ళలేదు. బస్సు రావులపాలెం దాటుతుంటే కిటికీలోంచి గోదావరిలోకి విసిరేశాను. పక్కసీటు ఆవిడ, డబ్బులు వేశాననుకుని, తనూ ఒక రూపాయి తీసి వేసి దణ్ణం పెట్టుకుంది.

భీమవరం షెడ్డు యజమాని ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. గట్ల మీద వాన పడితే మోపెడ్లు జారి మనుషులు సిలిండరుతో సహా చెరువులో పడేవాళ్ళట. పెద్దాయన ఎక్కడో ఆ మాట విని, తనంతట తనే షెడ్డుకొచ్చి కొలతలు తీసుకున్నాడట.

"ఒకటే చాదస్తమండి. ఒక్క చేత్తో ఊడాలి, ఒక్క చేత్తో ఊడాలి అనేవోరు. ఇచ్చేముందు మా కుర్రోళ్ళని చెరువులో దింపి మరీ చూసేవోరండి. పోయినేడు ఒకడు పడ్డాడు. బకిల్ లాగేసి బయటికొచ్చేసేడు. లేపోతే దక్కేవోడు కాదండి."

నేను మోపెడ్ దగ్గరికి వెళ్ళాను. పెట్టెలు కట్టుకుంటున్న మనిషికి ముప్పై అయిదుంటాయి. నడుము దగ్గర ఎడమవైపుకి తెరుచుకునే స్టీలు బకిల్. దాని మీద నీలంరంగు నైలాన్ తాడు అడ్డంగా తిప్పి ముడి వేసి ఉంది. చేపల నీళ్ళకి తడిసి ఉంది. ఆ ముడి ఎవరిదో నేను బొటనవేలితో తడిమి చూడక్కర్లేదు.

"ఇది ఎవరేశారు?"

"నేనేనండి. గతుకులకి ఊరికే ఊడిపోతందండి ఇది. మాది నరసాపురం కాడ పల్లండి, మా నాన్న నేర్పేడు. ఇంక ఊడదు."

విప్పబోయాను. గోరు దూరే సందు లేదు. రెండుసార్లు, మూడుసార్లు పట్టి లాగాను. బొటనవేలి గోరు చివర విరిగి చురుక్కుమంది. అతను నవ్వుతున్నాడు. షెడ్డులో సంచులు కోసే కత్తి కనపడితే తెచ్చి ఆ తాడు కోసేశాను.

"అదేంటండీ!" అని అతను నవ్వు ఆపేశాడు. "దారిలో సిలిండరు జారి పడిపోతే పూచీ ఎవరిదండీ?"

"నాది" అన్నాను.

పదేళ్ళ కిందట, ఫ్యాను తిరుగుతున్న గదిలో, నా వైపు తిప్పిన ఒక చెవికి చెప్పాల్సిన మాట అది. ఇప్పుడు ఎవరికో చెప్పాను. అతను నన్ను ఎగాదిగా చూసి, యజమాని వైపు చూశాడు. యజమాని భుజాలెగరేశాడు. అతను షెడ్డులోకి వెళ్ళి ఇంకో నీలం తాడుముక్క తెచ్చుకుని, నా ఎదురుగానే నిలబడి మళ్ళీ కట్టుకున్నాడు. ఈసారి రెండు ముళ్ళు వేసి, కొస పళ్ళతో కొరికాడు.